వెనక సీటువాళ్ల మాట వినండి!

కార్తీకమాసం వచ్చిందంటే ఉత్తరాంధ్ర ఇళ్లలో ముందు వినిపించేది వనభోజనాల మాట, ఆ వెంటనే అరకు మాట. విశాఖ, విజయనగరం, అనకాపల్లి... ఏ ఊరివాళ్లయినా చలి మొదలవగానే ఒక్కసారి కొండెక్కి రావలసిందే! ముందురోజు రాత్రే పులిహోరకి చింతపండు పులుసు ఉడికించి పెట్టుకుంటాం. పిల్లల స్వెట్టర్లు, అత్తగారి మోకాలి పట్టీ, మలుపుల్లో కడుపులో తిప్పితే వాసన చూసుకోవడానికి నిమ్మకాయలు... ఏదీ మరిచిపోం. కారు సంగతి మగవాళ్లు చూసుకుంటారు. చూసుకోవడమంటే టైర్లలో గాలి కొట్టించడం, ట్యాంకు నింపించడం, అద్దాలు తుడవడం. మరీ జాగ్రత్తపరులైతే బ్రేకులు కూడా చూపిస్తారు.

ముందు చక్రాల లోపలివైపు చీకట్లో, మట్టి కొట్టుకుపోయి నిలబడి ఉండే రెండు గొట్టాల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. వాటి పేరు స్ట్రట్లు. చుట్టూ లావుపాటి స్ప్రింగు, మధ్యలో నూనె నిండిన గొట్టం. వీధి చివరి మెకానిక్కు వీటిని కూడా కలిపి 'షాకబ్జర్లు' అనేస్తాడు. వెనక చక్రాలకి చాలా కార్లలో స్ప్రింగు వేరుగా, షాకబ్జరు వేరుగా ఉంటాయి. పేరేదైతేనేం, విశాఖ నుంచి అరకు దాకా సుమారు 115 కిలోమీటర్ల దారిలో ప్రతి గోతి దెబ్బనీ ముందుగా కాచుకునేవి ఇవే.

"స్ట్రట్ల గురించి ఆడవాళ్ల పేజీలో ఎందుకమ్మా?" అని నవ్వకండి. అవి పాడైపోతున్న సంగతి ఇంట్లో ముందుగా తెలిసేది మనకే!

ఎలాగంటారా? స్ట్రట్ ఒక్కరోజులో పాడైపోదు. నెలనెలా రవ్వంత, రవ్వంత చొప్పున బలం తగ్గుతూ వస్తుంది. రోజూ కారు నడిపే మనిషి దానికి తెలియకుండానే అలవాటు పడిపోతాడు. పైగా ఆయన చేతిలో స్టీరింగు ఉంటుంది, మలుపు కళ్లముందు కనబడుతుంది కనక ఒళ్లు ముందే సర్దుకుంటుంది. వెనక కూర్చున్న మనకో? ఒక చేత్తో పిల్లని పట్టుకుంటాం, రెండో చేత్తో ముందు సీటుని పట్టుకుంటాం. మలుపు ఎప్పుడొస్తుందో తెలీదు. నెలకో రెండు నెలలకో ఒకసారి ఎక్కుతాం కనక, పోయినసారికీ ఈసారికీ ఉన్న తేడా మన నడుముకి ఇట్టే తెలిసిపోతుంది. "బండి మునుపటిలా లేదండీ, ఊగుతోంది" అంటాం. జవాబు అందరికీ తెలిసిందే. "ఘాట్ రోడ్డు కదా, ఊగదా మరి? నీకెప్పుడూ కారు పడదు!"

ఈ జవాబులో కొంత నిజం లేకపోలేదు. మలుపుల్లో కడుపులో తిప్పడానికి ముఖ్య కారణం మలుపులే. కానీ ఒకే మనిషి, ఒకే దారి, ఒకే కారు... కిందటేడాది లేని బాధ ఈ ఏడాది వచ్చిందంటే రోడ్డునీ మనిషినీ అనేముందు కారుని అనుమానించవద్దూ!

మజ్జిగ కవ్వం లాంటిదే!

స్ట్రట్ పనేమిటో తెలుసుకోవడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఊయలని ఒక్క ఊపు ఊపి వదిలితే ఏమవుతుంది? దానంతట అది చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. స్ప్రింగూ అంతే. గోతిలో పడ్డప్పుడు దెబ్బని మింగుతుంది గానీ, మింగి ఊరుకోదు. పైకీ కిందికీ ఎగురుతూనే ఉంటుంది. ఆ ఎగురుడుని పట్టి ఆపేదే మధ్యలో ఉన్న నూనె గొట్టం. అందులో ఒక కడ్డీ, దాని చివర సన్నటి చిల్లులున్న బిళ్ల ఉంటాయి. కడ్డీ కదిలినప్పుడల్లా నూనె ఆ చిల్లుల్లోంచి బలవంతాన దూరి వెళ్లాలి. చిక్కటి మజ్జిగలో కవ్వం తిప్పితే చేతికి బరువు తగులుతుంది చూడండి, అలాగన్నమాట. ఆ బరువే స్ప్రింగు ఊపుని చల్లారుస్తుంది. ఊపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది.

ఇదంతా మన నడుము సుఖం కోసమే అనుకుంటారు చాలామంది. అసలు పని అది కాదు. చక్రాన్ని రోడ్డుకి అంటిపెట్టి ఉంచడం! స్ట్రట్ బలం తగ్గిన కారు గోతిలో పడి లేచినప్పుడు చక్రం రోడ్డు మీద గట్టిగా నిలవదు, బంతిలా తుళ్లుతుంది. చక్రం నేలకి తాకని ఆ క్షణంలో బ్రేకు తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. స్టీరింగు తిప్పినా అంతే. ఊళ్లో తిరిగే బండికి ఇది పెద్దగా తెలియకపోవచ్చు. శృంగవరపుకోట దాటి, కాశీపట్నం మీదుగా ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక తెలుస్తుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ... ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. పొద్దుటి పూట మంచు, వానాకాలంలో రోడ్డు మీదికి జారొచ్చిన ఎర్రమట్టి. 2021 ఫిబ్రవరిలో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఆ ప్రమాదాన్ని స్ట్రట్ల ఖాతాలో వెయ్యడం నా ఉద్దేశం కాదు. ఈ దారిలో బండి జారడానికి జానెడు చోటు కూడా లేదని చెప్పడానికే గుర్తు చేస్తున్నాను.

ఇంకో సంగతి. మజ్జిగ మరీ ఎక్కువసేపు చిలికితే నురగ కడుతుంది కదా! గోతుల రోడ్డు మీద గంటల తరబడి ఆపకుండా పోతే గొట్టంలో నూనె కూడా వేడెక్కి, గాలి కలిసి నురగ కడుతుంది. నురగలో కవ్వానికి బరువేముంటుంది? అప్పుడు మంచి స్ట్రట్ కూడా కాసేపు మెత్తబడిపోతుంది. అందుకే ఇప్పటి స్ట్రట్లలో చాలావాటిలో నూనెతోపాటు నైట్రోజన్ వాయువు నింపి, నురగ కట్టకుండా అణిచి ఉంచుతున్నారు. అయినా అనంతగిరి కాఫీ తోటల దగ్గర బండి ఆపి, పావుగంట టీ తాగి బయలుదేరడం అన్ని విధాలా మంచిదే. ఇంజనుకీ, బ్రేకులకీ, స్ట్రట్లకీ, అన్నిటికంటే ముందు పిల్లలకీ!

ఎన్నాళ్లు మన్నుతాయి?

విడిభాగాల కంపెనీలు 80 వేల కిలోమీటర్లు తిరిగేసరికి స్ట్రట్లని తప్పకుండా పరీక్ష చేయించమంటాయి. నున్నటి రోడ్ల మీద, తక్కువ బరువుతో తిరిగే కారుకి లక్ష దాటి కూడా పనిచెయ్యొచ్చు. గోతులు, ఘాట్లు, నిండా జనం... ఇలా తిరిగే బండికి 40, 50 వేలకే చేతులెత్తేసినా ఆశ్చర్యం లేదు. ఆ కంపెనీల లెక్క ప్రకారమే మామూలు రోడ్డు మీద కిలోమీటరుకి సుమారు వెయ్యిసార్లు కడ్డీ పైకీ కిందికీ ఆడుతుంది. అరకు నుంచి లోపలి ఊళ్లకి పోయే రోడ్ల మీద ఎన్నిసార్లు ఆడుతుందో మీరే ఊహించుకోండి! అందుకే నన్నడిగితే, మీటరు చూపించే కిలోమీటర్ల కంటే ఆ కిలోమీటర్లు ఎక్కడ తిరిగిందన్నదే ముఖ్యం.

మన విశాఖ కార్లకి ఇంకో తద్దినం కూడా ఉంది. సముద్రం ఉప్పుగాలికి స్ప్రింగు కూర్చునే పళ్లెం తుప్పు పడుతుంది. కొండ మీది మట్టి కడ్డీకి పట్టుకుంటుంది. ఆ కడ్డీ అద్దంలా నున్నగా ఉండాలి. దాని మీద ఒక్క గీత పడినా, ఇసుక రేణువు అంటుకుని పైకీ కిందికీ తిరిగినా, నూనెని ఆపే రబ్బరు సీలు కోసుకుపోతుంది. అందుకే కడ్డీకి మడతలు మడతలుగా ఒక రబ్బరు తొడుగు వేస్తారు. దాని ఖరీదు వందల్లో, స్ట్రట్ ఖరీదు వేలల్లో! ఆ తొడుగు చిరిగిందా అని చూడమనండి. చిరిగితే వెంటనే మార్పించండి. అరకు నుంచి వచ్చిన మర్నాడు చక్రాల లోపలికి మామూలు నీళ్లు పోసి మట్టి కడిగించడం మంచిది. సర్వీసింగులో జోరుగా కొట్టే నీటిధార మాత్రం నేరుగా ఆ తొడుగు మీద పడనివ్వకండి. మట్టి లోపలికి దూరుతుంది.

ఈ స్ట్రట్ పద్ధతిని 1940ల్లో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు రూపొందించాడు. అంతకుముందు నాలుగు వస్తువులు చేసే పనిని ఒక్క గొట్టంతో చేయించడం అతని తెలివి. మన ఇళ్ల ముందుకి అది 1983లో మారుతి 800తోపాటు వచ్చింది. తక్కువ చోటు, తక్కువ బరువు, తక్కువ ఖర్చు. మధ్యతరగతివాళ్ల కారుకి ఇంకేం కావాలి? కానీ దానిలోనే ఒక చిక్కు కూడా ఉంది. ముందు చక్రం స్ట్రట్‌కే బిగించి ఉంటుంది. కనక స్ట్రట్ వంగినా, అరిగినా చక్రం నిలబడే తీరే మారిపోతుంది.

కొండ మీది జీపుల సంగతి వేరు. బొర్రా నుంచి కటికి జలపాతానికి రాళ్ల దారిలో తీసుకెళ్లే జీపులు, సంత రోజుల్లో మనుషుల్నీ మూటల్నీ కోళ్లనీ కలిపి మోసే కమాండర్లు కమాన్ కట్టల మీద నడిచేవి. కమాన్ కట్టకి సుఖం తక్కువ, ఓపిక ఎక్కువ. ఒక పట్టీ విరిగితే ఆ ఒక్క పట్టీ మార్చుకుని మళ్లీ పోవచ్చు. స్ట్రట్‌కి ఆ సౌకర్యం లేదు. మంచి సరుకు కావాలంటే కొండ దిగి రావలసిందే. కాబట్టి చిన్న కారుతో పాడేరు పక్కన వంజంగి లాంటి రాళ్ల దారులు ఎక్కబోకండి. అక్కడి బండిని, అక్కడి డ్రైవరునీ మాట్లాడుకోండి. వాళ్లకీ నాలుగు రూపాయలు వస్తాయి, మీ కారూ దక్కుతుంది.

ఈ మాట రాస్తుంటే ఇంకొకటి గుర్తొస్తోంది. ఈ కొండల్లోనే బండి అన్నదే వెళ్లలేని గూడేలున్నాయి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక కూడా నొప్పులు పడుతున్న తల్లుల్ని డోలీలో మోసుకొచ్చిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అక్కడ కుదుపుని కాసుకునేవి మనుషుల భుజాలే. 2018లో మోటారు సైకిలుకి పక్కన బండి తగిలించిన ఫీడర్ అంబులెన్సులు ఏజెన్సీకి వచ్చాయి. మామూలు అంబులెన్సు పోలేని దారిలో అవి కొంతదూరమైనా పోతాయి. నెలలు నిండిన మనిషి పడుకుని వచ్చే బండికి షాకబ్జరు ఎలా ఉందో చూడడం చిన్న పని ఎలా అవుతుంది చెప్పండి?

మా అత్తగారి పడవ

రెండేళ్ల కిందట అరకు నుంచి దిగుతుంటే మా అత్తగారు ఉన్నట్టుండి, "ఒరే నాయనా, కారెక్కినట్టు లేదురా, పడవెక్కినట్టుంది" అన్నారు. మావారు నవ్వేసి, "రోడ్డు అలాగుందమ్మా" అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. "రోడ్డు అయిపోయినా ఊగుతోందిరా!" అన్నారు. నిజమే! గొయ్యి దాటిపోయాక కూడా కారు రెండుమూడుసార్లు పైకీ కిందికీ ఊగుతోంది. విశాఖ వచ్చాక ఒక వర్క్‌షాపులో చూపిస్తే అలైన్‌మెంటు చేసి డబ్బు తీసుకుని పంపేశారు. ఊగడం ఊగడమే. ఇంకోచోట అడిగితే ఆ కుర్రాడు చక్రం తిప్పి టార్చి వేసి చూపించాడు. ఎడమ స్ట్రట్ మీద నూనె కారి, దానికి మట్టి అంటుకుని, ఇంగువ ముద్దలా గట్టిపడి ఉంది. అత్తగారి మాట నిజమైంది. ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఆ విషయం రెండుసార్లు ఎత్తారు, మూడోసారి ఎత్తబోతే మావారే లేచి వెళ్లిపోయారు!

ఈ పడవ ఊపు ఒక గుర్తు. ఇంకా ఉన్నాయి. బ్రేకు వెయ్యగానే కారు ముక్కు కిందికి వాలిపోవడం, మలుపులో ఒక పక్కకి మరీ ఒరిగిపోవడం, చిన్న గోతికే 'ధన్' మని అడుగు తగిలినట్టు చప్పుడు, నెమ్మదిగా పోతున్నా ముందు నుంచి 'టక్ టక్' మనడం. ఈ టక్ టక్ అన్నది స్ట్రట్ నుంచే కాదు, దాని నెత్తి మీద ఉండే రబ్బరు మౌంటు నుంచో, బేరింగు నుంచో కూడా రావచ్చు. ఇక ఇంట్లోనే చూసుకోగలిగింది టైరు. కారు ఆపి ఉన్నప్పుడు చేత్తో టైరు చుట్టూ తడిమి చూడండి. అక్కడక్కడ గుంటలు పడినట్టు ఎగుడుదిగుడుగా అరిగి ఉంటే, చక్రం రోడ్డు మీద తుళ్లుతోందని అనుమానించాలి.

కారు మూలని రెండు చేతులా బలంగా నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలుసు. వదిలాక ఒకసారి లేచి నిలబడిపోవాలి. మళ్లీమళ్లీ ఊగితే స్ట్రట్ పని అయిపోయినట్టే. అయితే ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన స్ట్రట్ బాగుందని కాదు. బాగా పాడైనవే ఇందులో దొరుకుతాయి, సగం అరిగినవి దొరకవు. నూనె విషయంలోనూ తొందరపడకూడదు. కడ్డీ చుట్టూ పల్చటి చెమ్మ ఉంటే భయం లేదు. గొట్టం మీదికి కారి మరకలు కడితేనే మార్చాలి.

మార్చేటప్పుడు ఎడమా కుడీ రెండూ కలిపి మార్పించండి. "ఒకటి బాగానే ఉంది కదా, వెయ్యి రెండు వేలు మిగులుతాయి" అనే మాటకి లొంగకండి. ఒక కాలికి కొత్త చెప్పు, రెండో కాలికి అరిగిన చెప్పు వేసుకుని కొండ దిగినట్టుంటుంది. నెత్తి మీది మౌంటు, బేరింగు, లోపలి రబ్బరు దిమ్మ, తొడుగు అరిగి ఉంటే అప్పుడే మార్పించాలి. మళ్లీ విప్పితే మళ్లీ కూలి! బిగించాక అలైన్‌మెంటు తప్పదు. లేకపోతే కొత్త టైర్లు ఒక పక్కకి అరిగిపోతాయి.

షెడ్డులో కాస్త దగ్గరుండి చూడండి. కడ్డీ తిరక్కుండా ఉండాలని కొందరు దాన్ని పటకారుతో గట్టిగా పట్టేస్తారు. గీత పడితే కొత్త స్ట్రట్ కూడా నాలుగు నెలల్లో కారడం మొదలుపెడుతుంది. పాతవాటిని విప్పి, నూనె పోసి, నల్ల రంగు వేసి 'రీకండిషన్' అని అమ్మడం కూడా ఉంది. ఘాట్ ఎక్కే కారుకి అవి నాకైతే నచ్చవు. డబ్బా మన ఎదురుగా తెరవమనండి, బిల్లు అడగండి, తీసేసిన పాతవి చూపించమనండి. చీరల షాపులో అంచు తిరగేసి చూసేవాళ్లం, ఇక్కడ మొహమాటం దేనికి? ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, సెలవురోజు ఇంట్లో ఎవరైనా ఉత్సాహపడి స్ప్రింగు విప్పుతానంటే ఒప్పుకోకండి. నొక్కి పెట్టిన ఆ స్ప్రింగు తప్పించుకుంటే మనిషి ప్రాణానికే ముప్పు. దాన్ని పట్టి ఉంచే పనిముట్టు ఉన్నచోటే ఆ పని జరగాలి.

బండి కిందికి దిగిపోయిందని స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికించడం ఒక వాడుక. అప్పటికి కారు లేచినట్టు కనబడుతుంది. స్ప్రింగు బిరుసెక్కుతుంది, దాన్ని ఆపే నూనె గొట్టం మాత్రం పాతదే!

నడిపే పద్ధతి వల్ల కూడా స్ట్రట్ల ఆయుష్షు పెరుగుతుంది. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడు దాని మీదికి ఎక్కేదాకా బ్రేకు తొక్కి ఉంచుతారు చాలామంది. బ్రేకు తొక్కినంతసేపూ కారు ముక్కు వాలి, స్ట్రట్ సగం నొక్కుకునే ఉంటుంది. ఆ స్థితిలో దెబ్బ తగిలితే మింగడానికి దానికి జాగా ఎక్కడిది? ముందే వేగం తగ్గించి, ఎక్కే ముందు బ్రేకు వదిలెయ్యాలి. కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా చిన్న గేరులో దిగాలి. ఐదుగురి కారులో ఎనిమిదిమందిని ఎక్కించకూడదు. తిరుగు ప్రయాణంలో సీతాఫలాల బుట్టలు, కాఫీ పొడి, పనసకాయలు... ఇక్కడ నేరం మనది కూడా ఉంది లెండి!

సెకండ్‌హ్యాండు కారు కొంటుంటే రంగూ, సీటు కవర్లూ చూసి మురిసిపోకుండా, వెనక సీట్లో కూర్చుని ఒక గోతుల రోడ్డు మీద తిప్పమనండి. ఆ కారు టాక్సీగా ఏజెన్సీలో తిరిగిందేమో అడగండి. స్ట్రట్లు మార్చవలసి వస్తే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

మా ఇంట్లో పాలూ పేపరూ లెక్కలు రాసే పుస్తకం వెనక అట్ట మీద స్ట్రట్లు మార్చిన తేదీ, ఆ రోజు మీటరులో ఉన్న అంకె రాసిపెట్టాను. దాని కింద, మళ్లీ 40 వేలు తిరిగాక చూపించాలని ఇంకో అంకె. ఆ పక్కనే మా అత్తగారు తన వణికే చేత్తో 'నన్ను అడగండి' అని రాశారు.